చంద్రగిరి మ్యూజియంలో లేని మనిషి

మా స్కూలు నుంచి ఈసారి విహారయాత్రకి చంద్రగిరి కోటకు వెళ్ళాం. బయలుదేరే ముందు రోజే మా తెలుగు మేడం ఒక మాట చెప్పారు. "పొద్దున ఐదింటికి లేచాం, బస్సెక్కాం, పులిహోర తిన్నాం, రాత్రికి ఇల్లు చేరాం అని రాస్తే పత్రికకు తీసుకోను. ఏం చూశారు, అందులో ఏది బాగుంది, ఏది చాల్లేదు, ఎందుకు చాల్లేదు, అది రాయండి. సినిమా చూసొచ్చి ఇంట్లో వాదించుకోరూ, అట్లాగన్నమాట." అందుకని ఇది యాత్రా వ్యాసం కాదు, నాకు చేతనైన విమర్శ. పులిహోర మాత్రం బాగుంది. ఆ ఒక్క మాటా రాయనివ్వండి.

ముందు నేనెవరో చెప్పాలి. ఎందుకంటే ఏ మ్యూజియమైనా చూసేవాళ్ళని బట్టి వేరుగా కనిపిస్తుంది. నేను చెన్నైలో పుట్టాను. మా అమ్మా నాయనా ఇక్కడే పుట్టారు. మా తాత కూడా ఇక్కడే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. అయినా మా వీధిలోకి కొత్తగా ఎవరు అద్దెకి వచ్చినా మా మాటలు విని, "నీంగ ఆంధ్రావా?" అని అడుగుతారు. కోపంగా కాదు, మామూలుగానే. కాదు, ఇక్కడివాళ్ళమే అంటే, "సరే, అసలు ఊరేది?" అంటారు. ఆ 'అసలు' అనే మాటకి నా దగ్గర జవాబు లేదు. మా అవ్వని అడిగితే, "మనం పట్నమోళ్ళమే, ఇంకేం ఊరు?" అంటుంది. పట్నం అంటే ఆమెకి మద్రాసు ఒక్కటే.

ఇంకో సంగతి కూడా ఉంది. మా తమ్ముడు ఈ ఏడాదితో ఐదో తరగతి అయిపోతాడు. వాణ్ణి ఆరులో తెలుగు మీడియంలోనే ఉంచాలా, ఇంగ్లీషు మీడియంకి మార్చాలా అని మా ఇంట్లో రెండు నెలలుగా మాటలు జరుగుతున్నాయి. "తెలుగు చదివి ఈ ఊళ్ళో వాడేం చేస్తాడు?" అనేది మా నాయన ప్రశ్న. ఈ ప్రశ్న మా ఇంట్లోనే కాదు, ఈ పత్రిక చదివే చాలా ఇళ్ళలో ఉంటుందని నాకు తెలుసు. నేను చంద్రగిరికి పోయింది ఈ రెండు ప్రశ్నలూ తలలో పెట్టుకునే.

చెన్నై నుంచి చంద్రగిరి సుమారు 150 కిలోమీటర్లు. తిరువళ్ళూరు, తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా తిరుపతి చేరి, అక్కడినుంచి ఇంకొంచెం ముందుకు పోవాలి. దారిలో మా సోషల్ సార్ కిటికీలోంచి చూపిస్తూ చెప్పారు. తిరుత్తణి 1960 వరకు చిత్తూరు జిల్లాలో ఉండేది, ఆ ఏడాది సరిహద్దులు మార్చినప్పుడు మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. చిత్తూరు జిల్లా కూడా 1911లోనే ఏర్పడింది, అంతకుముందు చంద్రగిరి ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగం. ఇప్పుడది తిరుపతి జిల్లాలో ఉంది. అంటే ఊళ్ళు ఉన్నచోటనే ఉన్నాయి, గీతలు మాత్రం అటూ ఇటూ నడిచాయి. బోర్డుల మీద అక్షరాలు తమిళం నుంచి తెలుగులోకి మారినచోట మా బస్సులో అందరూ చప్పట్లు కొట్టారు. దుకాణాల ముందు మాట్లాడుకునేవాళ్ళు మాత్రం అటువైపూ రెండు భాషలూ మాట్లాడుతున్నారు, ఇటువైపూ మాట్లాడుతున్నారు.

ఇక కోట. సినిమాల్లో కోట అంటే పెద్ద తలుపు, దాని వెనక ఏనుగులు. చంద్రగిరిలో మొదట కనిపించేది కొండ. సుమారు 180 మీటర్ల ఎత్తు ఉండే నల్లరాతి గుట్ట. దాని ఒంటి మీద అక్కడక్కడా పాత గోడలు పాకుతున్నట్టు ఉంటాయి. అది పైకోట. కింద దక్షిణం వైపు దిగువకోట. అందులో రాజమహల్, రాణీమహల్ అనే రెండు భవనాలు, చుట్టూ పాడుబడిన గుళ్ళు. వెయ్యేళ్ళ కిందట యాదవరాయలు ఈ కోటకి పునాది వేశారని చెబుతారు. తర్వాత సాళువ నరసింహుడు ఇక్కడినుంచే బలపడి, 1485లో విజయనగర సింహాసనం ఎక్కాడు. 1565 యుద్ధంలో విజయనగరం పాడయ్యాక రాజధాని పెనుగొండకి, అక్కడినుంచి చంద్రగిరికి మారింది. రెండో వేంకటపతి రాయలు ఇక్కడ కొలువు పెట్టాడు. 1646లో గోల్కొండ సైన్యం, 1782లో హైదరాలీ ఈ కోటను పట్టుకున్నారు. ఇంతవరకు పాఠం. పరీక్షకి ఇది చాలు.

రాజమహల్ గురించి నాకు బాగా నచ్చిన విషయం ఒకటి ఉంది. మూడంతస్తుల ఆ భవనంలో కర్ర అనేదే వాడలేదు. రాయి, ఇటుక, సున్నం, అంతే. ఒక్క దూలం లేకుండా మూడంతస్తులు ఎట్లా నిలిచాయి? లావుపాటి స్తంభాలు, వాటి మధ్య వంపు తిరిగిన కమానులు, ఆ వంపుల మీద పై అంతస్తు. బరువంతా కమాను మీదుగా స్తంభాల్లోకి, అక్కడినుంచి నేలలోకి దిగుతుంది. కమానులు చూస్తే మసీదు గుర్తుకొస్తుంది, తల ఎత్తి శిఖరాలు చూస్తే గుడి గోపురం గుర్తుకొస్తుంది. విజయనగరం వాళ్ళు సుల్తానులతో యుద్ధాలు చేస్తూనే వాళ్ళ దగ్గర కట్టుబడి నేర్చుకున్నారని ఈ గోడలే చెబుతాయి. పుస్తకంలో రెండు పేజీలు చదివినా నాకు ఇంత స్పష్టంగా తెలియలేదు. ఇందుకు ఈ చోటుకి పూర్తి మార్కులు.

ఆ రాజమహల్‌లోనే భారత పురావస్తు శాఖ వారి మ్యూజియం ఉంది. రాతి విగ్రహాలు, లోహ విగ్రహాలు ఎక్కువ. మేము పోయినేడాది ఎగ్మూరు మ్యూజియం చూశాం. రెంటినీ పోల్చకుండా ఉండలేకపోయాను. ఎగ్మూరు చాలా పెద్దది. అక్కడ అమరావతి స్తూపం రాళ్ళు ఉన్నాయి. అంత సన్నని పని నేను ఇంకెక్కడా చూడలేదు. కానీ ఆ రాళ్ళు కృష్ణ ఒడ్డు వదిలి చాలా దూరం వచ్చేశాయి. అక్కడ నిలబడితే కృష్ణ కనిపించదు, బయట బస్సుల హారన్లు వినిపిస్తాయి. చంద్రగిరి మ్యూజియం చిన్నది. కానీ లోపల ఒక బొమ్మని చూసి తల తిప్పితే కిటికీలోంచి కొండ కనిపిస్తుంది, పైన కోటగోడ కనిపిస్తుంది. ఆ బొమ్మని చెక్కిన రోజుల్లో మనిషి ఏ ఎండలో నిలబడ్డాడో అదే ఎండ లోపలికి పడుతుంది. నన్నడిగితే ఈ మ్యూజియంలో అన్నిటికంటే మంచి వస్తువు ఆ కిటికీయే. దాని కింద చీటీ మాత్రం ఉండదు.

ఇక్కడ మ్యూజియం చీటీల గురించి ఒక మాట. ఏ మ్యూజియంలో అయినా చీటీకి ఒక అలవాటు ఉంటుంది. పేరు, కాలం, దొరికిన చోటు, ఈ మూడు చెప్పి ఊరుకుంటుంది. అది తప్పు కాదు. మా హాజరు పట్టీ కూడా అంతే, పేరు, తరగతి, వరుస నంబరు. కానీ హాజరు పట్టీ చదివి ఎవరైనా మా తరగతి గురించి తెలుసుకోగలరా?

ఈ ఆలోచన నాకు కృష్ణదేవరాయలు, ఇద్దరు రాణుల విగ్రహాల ముందు వచ్చింది. తిరుమల గుడిలో ఉన్న రాయలవారి ప్రతిమలు మనలో చాలామంది చూసే ఉంటారు. ఇవీ ఆ పోలికలోనే చేతులు జోడించి నిలబడి ఉంటాయి. రాయలు 1513లో మొదటిసారి తిరుమల వచ్చి స్వామికి నగలు సమర్పించాడు. తెలుగు పిల్లలకి ఆయన పేరు చెబితే ఒళ్ళు పులకరిస్తుంది. మేమంతా ఆ విగ్రహాల ముందు వరుసలో నిలబడి ఫొటో తీసుకున్నాం. నేనూ నిలబడ్డాను.

ఆ తర్వాత సోషల్ సార్ పక్కకి పిలిచి ఇంకో కథ చెప్పారు. నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు అచ్యుతరాయల కాలంలో విజయనగరంలో ఉండి ఒక వృత్తాంతం రాశాడు. కృష్ణదేవరాయలు రాజ్యానికి రాగానే తన తమ్ముళ్ళనీ, అన్న కొడుకునీ తెచ్చి బంధించింది ఈ చంద్రగిరి కోటలోనే అని అందులో ఉంది. 1529లో రాయలు పోయాక ఆ తమ్ముళ్ళలో ఒకడైన అచ్యుతుడు చెరలోంచి బయటికి వచ్చి రాజయ్యాడు. అది వినగానే నాకు ఆ విగ్రహం వేరుగా కనిపించింది. చేతులు జోడించిన ఆ మనిషి దేవుడి ముందు భక్తుడు. కొండ మీద బంధించిన తమ్ముడికి మాత్రం ఆయన ఎవరు? ఆ అన్న కొడుకు వయసు అప్పటికి ఎనిమిదేళ్ళు. మా తమ్ముడి కంటే చిన్నవాడు.

రాయలవారిని తక్కువ చేయాలని నేను ఇది రాయడం లేదు. ఆయన గొప్పతనం నా వ్యాసంతో తగ్గదు. నా మాట ఏంటంటే, విగ్రహాన్ని చేయించేది రాజు. తాను ఎట్లా కనిపించాలో ఆయనే నిర్ణయించుకుంటాడు. మనం ఆ విగ్రహం ఒక్కటే చూసి వస్తే, ఐదువందల ఏళ్ళ తర్వాత కూడా ఆయన చెప్పినట్టే చూసినవాళ్ళం అవుతాం. గుర్రాల వర్తకుడి కాగితం పక్కన పెట్టుకుంటేనే సొంతంగా చూసినట్టు. విగ్రహాల మ్యూజియం ఎంత మంచిదైనా, అది ఒక్కటే చాలదు అనడానికి ఇది నా మొదటి కారణం.

రెండో కారణం మా ఊరికి సంబంధించింది.

పై అంతస్తులో మేము నిలబడి ఉంటే, యాత్రకి వచ్చిన ఒక పెద్దాయన మేము మద్రాసు నుంచి వచ్చామని విని, చెయ్యి చాచి ఆ హాలు చూపించారు. "మీ మద్రాసుని ఇంగ్లీషోళ్ళకి రాసిచ్చింది ఇక్కడే పాపా. రాజు ఇక్కడ కూచుని సంతకం పెట్టినాడు" అన్నారు. మా అందరికీ ఒళ్ళు జలదరించింది. నేనైతే ఆ నేలని చేత్తో తాకి చూశాను. మా సార్ ఆయనకి నమస్కారం పెట్టి, కాస్త పక్కకి వచ్చాక మాతో, "ఆ మాట చాలామంది చెబుతారు. కానీ జరిగింది కొంచెం మెలికగా జరిగింది" అన్నారు.

ఆ మెలిక ఇది. 1639లో చంద్రగిరి రాజ్యానికి రాజు పెద వేంకట రాయలు. ఆయన కింద వందవాసి నుంచి తీరప్రాంతాన్ని ఏలుతున్న నాయకుడు దామర్ల వేంకటాద్రి. ఆయన తమ్ముడు అయ్యప్ప నాయకుడు పూందమల్లి వైపు ఉండేవాడు. ఈస్టిండియా కంపెనీకి అప్పుడు మచిలీపట్నంలోను, నెల్లూరు తీరాన దుగరాజపట్నం దగ్గర ఆర్మగాంలోను వర్తక స్థావరాలు ఉన్నాయి. ఆర్మగాం నుంచి ఫ్రాన్సిస్ డే అనే కంపెనీ ఉద్యోగి కొత్త చోటు వెతుక్కుంటూ దక్షిణంగా వచ్చాడు. శాంథోమ్‌కి ఉత్తరాన ఇసుక తీరాన్ని వాళ్ళకి ఇస్తూ దామర్ల వేంకటాద్రి అనుమతి పత్రం ఇచ్చాడు. ఇప్పుడు మనం ఆగస్టు 22న మద్రాసు దినం జరుపుకునేది అందుకే. ఆ తర్వాత 1645లో శ్రీరంగ రాయలు కంపెనీకి మళ్ళీ ఒక పట్టా ఇచ్చాడు. అంటే ఒక రాజు, ఒక కుర్చీ, ఒక సంతకం కాదు. ఒక నాయకుడు, ఒక తమ్ముడు, ఒక వర్తకుడు, ఇద్దరు రాజులు, ఆరేళ్ళ వ్యవహారం. కొత్త ఊరికి వేంకటాద్రి తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీద చెన్నపట్నం అని పేరు వచ్చిందన్నది చరిత్రకారుల్లో ఎక్కువమంది చెప్పే మాట. చెన్నై అనే పేరు అక్కడినుంచి వచ్చిందే.

పెద్దాయన చెప్పిన కథ వినడానికి బాగుంది. సార్ చెప్పిన కథ గుర్తుపెట్టుకోవడానికి కష్టంగా ఉంది. కానీ రెండోదే నాకు ఎక్కువ పనికొచ్చింది. ఎందుకంటే రెండో కథలోనే నాకు ఒక మనిషి దొరికాడు.

ఆలోచించండి. ఫ్రాన్సిస్ డేకి తెలుగు రాదు. దామర్ల నాయకుడికి ఇంగ్లీషు రాదు. మరి మాట్లాడుకున్నది ఎట్లా? మధ్యలో దుబాసి ఉండాలి. దుబాసి అంటే రెండు భాషలు తెలిసినవాడు. ద్విభాషి అనే మాటే జనం నోట్లో పడి దుబాసి అయింది. బేరి తిమ్మప్ప అనే తెలుగు వర్తకుడు కంపెనీ వాళ్ళకి తొలిరోజుల్లో దుబాసిగా ఉన్నాడని మద్రాసు చరిత్ర పుస్తకాలు చెబుతాయి. ఆ తర్వాత దుబాసులు ఎంతమందో. వాళ్ళు లేకుండా సరుకు కొనలేరు, కూలి మాట్లాడలేరు, ఒప్పందం రాయలేరు. మద్రాసు కోట గోడలు ఇటుకలతో కట్టారు గానీ, మద్రాసు వ్యవహారమంతా దుబాసుల మాటల మీదే నడిచింది.

రాజులకి విగ్రహం ఉంది. దేవుళ్ళకి విగ్రహం ఉంది. రెండు భాషల మధ్య నిలబడ్డ మనిషికి విగ్రహం ఉండదు. ఉండే వీలు కూడా లేదు. మాటకి రాతితో బొమ్మ చెయ్యలేరు కదా. కర్ర లేకుండా కట్టారు కాబట్టి రాజమహల్ నిలిచింది. దాని చుట్టూ ఉండిన మామూలు జనం ఇళ్ళు, మట్టి, కర్ర, తాటాకు, అన్నీ పోయాయి. మాట అంతకన్నా మెత్తనిది. మనకి మిగిలింది చూసి, ఇదే ఉండింది అనుకోవడం పొరపాటు. ఇది మ్యూజియం వాళ్ళ తప్పు కాదు. ఉన్నవాటిని వాళ్ళు పెడతారు. లేనివాటి గురించి అడగడం చూసేవాళ్ళ పని.

ఈ మాట భోజనాల దగ్గర చెబితే నా స్నేహితురాలు ఒప్పుకోలేదు. "ఆ దుబాసి ఎవరే? పరాయివాళ్ళకి ఊరు అప్పగించడానికి సాయం చేసినవాడు. వాళ్ళలో చాలామంది బాగా డబ్బు చేసుకున్నారు కూడా. వాడికి మ్యూజియంలో చోటెందుకు?" అంది. మంచి ప్రశ్నే. పులిహోర పొట్లం చేత్తో పట్టుకుని చాలాసేపు ఆలోచించాను. దుబాసుల్లో మోసం చేసినవాళ్ళూ ఉండి ఉంటారు, న్యాయంగా నడిచినవాళ్ళూ ఉండి ఉంటారు. కానీ మ్యూజియం మంచివాళ్ళ సన్మాన సభ కాదు. తమ్ముళ్ళని చెరలో పెట్టిన రాజుకి చోటుంటే, రెండు భాషలు మాట్లాడి బతికిన వర్తకుడికీ ఒక మూల చోటుండాలి. మెచ్చుకోవడానికి కాదు, ఏం జరిగిందో అర్థం కావడానికి. ఆమె ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ఈ పత్రికలో జవాబు రాస్తానంది. రాయాలి.

తిన్నాక కొండ మీదికి కొంతదూరం ఎక్కనిచ్చారు. ఎండకి రాయి కాలుతోంది. పైకోట దాకా పోనివ్వలేదు, వేళ మించిపోతుందని. మేము ఆగినచోటు నుంచి కిందికి చూస్తే రాజమహల్, రాణీమహల్ బొమ్మరిల్లులా ఉన్నాయి. కింద ఉన్నప్పుడు తల ఎత్తి చూసిన శిఖరాలు ఇప్పుడు కాళ్ళ కింద. ఒకే భవనం. మనం నిలబడ్డ చోటు మారింది, అంతే. కోటని కొండ మీద ఎందుకు కట్టారో అప్పుడు తెలిసింది. దూరం నుంచి వచ్చేవాణ్ణి ముందే చూడడానికి. 1590ల చివర మైలాపూరు పక్క శాంథోమ్ నుంచి జెస్యూట్ ఫాదర్లు వేంకటపతి రాయల కొలువుకి వచ్చారని సార్ చెప్పారు. అంటే చెన్నపట్నం పుట్టకముందే మా వైపు నుంచి ఇక్కడికి దారి ఉంది. పైకోట కాపలావాళ్ళు వాళ్ళని చూసి "ఎవరు మీరు? ఏ ఊరు?" అని అడిగే ఉంటారు.

ఆ ప్రశ్న మాకూ తప్పలేదు. బయటికి వచ్చి గేటు దగ్గర జామకాయలు కొంటుంటే, అమ్ముతున్న ఆవిడ మా మాటలు కాసేపు విని నవ్వింది. "ఏం పాపా, తమిళోళ్ళా మీరు? తెలుగు బాగానే మాట్లాడతా ఉండారే" అంది. మా బస్సులో అందరూ పడీపడీ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా వీధిలో ఆంధ్రావాళ్ళం, ఇక్కడ తమిళోళ్ళం. ఒక్క నిమిషం ఏడుపు వచ్చినట్టయింది. ఆమె తప్పేం లేదు, ఇంకో రెండు జామకాయలు కొసరు కూడా వేసింది. "మేము పట్నం వాళ్ళం అక్కా" అన్నాను, మా అవ్వ అన్నట్టే. ఆమె వెంటనే, "ఓ, పట్నమా! మా పెద్దమ్మ కూతుర్ని ఆడనే ఇచ్చింది" అంది. అంతే. ఆమెకి ఇక వేరే వివరణ అక్కర్లేకపోయింది.

తిరిగి వస్తూ బస్సులో ఇది ఆలోచించాను. 'అసలు ఊరేది' అని అడిగినవాళ్ళకి నేను ఇన్నాళ్ళూ ఏదో ఒక ఊరు పేరు వెతికి చెప్పాలనుకున్నాను. మా తాత చిన్నప్పుడు 'మదరాసు మనదే' అని ఊరేగింపులు జరిగాయట. చివరికి 1953లో మద్రాసు లేకుండానే ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఆ వాదం మళ్ళీ ఎత్తుకోవాలని నాకు లేదు. ఊరు ఎవరిదో తేల్చడం నా పని కాదు. ఆ పేరులో చెన్నప్ప ఉన్నాడు, వీధిలో తమిళం ఉంది. రెండూ నావే. మా ఇల్లు ఎక్కడినుంచో వచ్చి ఇక్కడ ఆగింది కాదు. రెండు భాషలు పక్కపక్కన మాట్లాడుకోవడం వల్లే పుట్టిన ఊరు ఇది. ఆ మాటలాడే పనిని మేము ఇంకా మానలేదు, అంతే.

కాబట్టి నా తీర్పు ఇది. చంద్రగిరి తప్పకుండా చూడాలి. కట్టడంగా దానికి సాటి రావడం కష్టం. మ్యూజియంగా, రాజుల కథనీ దేవుళ్ళ రూపాల్నీ దగ్గరగా చూపిస్తుంది, కిటికీలోంచి కొండనీ చూపిస్తుంది. స్థానిక చరిత్రగా మాత్రం అది సగం. మిగతా సగం గాజు పెట్టెలో పట్టేది కాదు. చంద్రగిరి కథలో అతిపెద్ద వస్తువు ఆ కోటలో లేదు. అది 150 కిలోమీటర్ల దూరాన సముద్రం ఒడ్డున ఉంది. మనం రోజూ అందులోనే బస్సెక్కి స్కూలుకి వస్తున్నాం.

వెళ్ళేవాళ్ళకి కొన్ని సలహాలు. శుక్రవారం వెళ్ళకండి, మ్యూజియం సెలవు. పదిహేనేళ్ళలోపు పిల్లలకి టికెట్ లేదు. సాయంత్రం దాకా ఉండగలిగితే సౌండ్ అండ్ లైట్ షో ఉంటుంది, మేము ఉండలేకపోయాం. విగ్రహాల ముందు ఫొటో తీసుకోండి, తప్పు లేదు. ఆ తర్వాత ఒక్క నిమిషం నిలబడి, ఇక్కడ ఎవరు లేరు అని అడగండి. ఇంటికి వచ్చాక మీ ఇంట్లో పెద్దవాళ్ళని, మన ముందువాళ్ళు ఏం పని చేస్తూ ఈ ఊరికి వచ్చారు అని అడిగి రాసుకోండి. అది ఎక్కడా రాతిమీద లేదు.

నేను అడిగాను. మా అవ్వ వాళ్ళ నాయన హార్బరులో లెక్కలు రాసేవాడట. సరుకు దించే కూలీలతో తమిళంలోను, తెలుగులోను మాట్లాడి, పైవాళ్ళకి ఇంగ్లీషులో కాగితం రాసి ఇచ్చేవాడట. మా నాయన కూడా ఈ సంగతి ఇంతకుముందు వినలేదు. "అంటే మన ఇంట్లోనూ ఒక దుబాసి ఉండేవాడన్నమాట" అన్నాను. నాయన ఏమీ అనలేదు. తమ్ముడి దరఖాస్తు కాగితం ఇంకా టీవీ పైన అట్లాగే ఉంది, మీడియం అనే గడి ఖాళీగా. నిన్న రాత్రి మాత్రం ఆయన తమ్ముణ్ణి పక్కన కూచోబెట్టుకుని తెలుగు వాచకం చదివించాడు. వాడు 'ద్విభాషి' అనే మాట దగ్గర తడబడితే, "దుబాసి అను, వస్తుంది" అన్నాడు.